వెడల్పు టైరునకు తగిన రిమ్ము

పూర్వము మన బండిచక్రమునకు ఇనుపకట్టు వేయునపుడు కమ్మరి మొదట చక్రపు చుట్టుకొలత తీసెడివాడు. కట్టు వదులైనచో దారిలో జారిపోవును. మితిమీరి బిగువైనచో కొయ్య పగులును. ఈ సంగతి ఎరుగని రైతు లేడు. కాని నేడు ఆ రైతే లారీకిగాని, ట్రాక్టరు వెనుక తగిలించు ట్రక్కునకుగాని టైర్లు కొనునపుడు కొలతమాట మరచి, వెడల్పైనది ఎక్కువ బరువు మోయును గదా యని యెంచి, చౌకగా దొరికిన పెద్ద టైరును పాత రిమ్మునకే ఎక్కించుచున్నాడు. ఇందువలన కలుగు నష్టమును, దానిని తప్పించుకొను మార్గమును సభ్యులకు విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలను చదువుట మొదట నేర్వవలయును. 9.00-20 అని యున్నచో, టైరు వెడల్పు ఇంచుమించుగా 9 అంగుళములనియు, అది కూర్చుండు రిమ్ము వ్యాసము 20 అంగుళములనియు అర్థము. నడుమ గీతకు బదులు ఆర్ అను అక్షరమున్నచో అది రేడియల్ టైరు. ట్యూబు అక్కరలేని టైర్లపై 295/80 ఆర్ 22.5 వంటి గుర్తు ఉండును. ఇందు 295 అనునది మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 80 పాళ్లు, అనగా 236 మిల్లీమీటర్లు, 22.5 అనునది అంగుళములలో రిమ్ము వ్యాసము. కాని రిమ్ము ఎంత వెడల్పు ఉండవలయునో ఈ అంకెలలో ఎచ్చటను లేదు. పొరపాటంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

రిమ్ము వెడల్పనగా దాని రెండు అంచుల లోపలి ముఖముల నడిమి దూరము. వెలుపలినుండి కొలిచినచో లెక్క తప్పును. సాధారణముగా రిమ్ముమీదనే ఆ కొలత గుద్దబడి యుండును. తుప్పు గీకి చదువుకొనవలయును. 8.25-20 టైరునకు 6.5 అంగుళముల రిమ్మును, 9.00-20 టైరునకు 7.0 అంగుళముల రిమ్మును, 10.00-20 టైరునకు 7.5 అంగుళముల రిమ్మును, 11.00-20 టైరునకు 8.0 అంగుళముల రిమ్మును, 295/80 ఆర్ 22.5 టైరునకు 9.00 అంగుళముల రిమ్మును ముఖ్యముగా నిర్దేశింపబడినవి. టైరు వెడల్పు నాలుగు పాళ్లయినచో రిమ్ము ఇంచుమించు మూడు పాళ్లుండునని సభ్యులు గుర్తుంచుకొనవచ్చును. టైరు చేసినవారి పట్టికలు దీనికి అర అంగుళము అటునిటు తరచుగా అనుమతించును. అంతకు మించినచో కీడు తప్పదు.

ఒక సభ్యుని బండికి 7.0-20 రిమ్ములున్నవనుకొందము. ఆయన 11.00-20 టైర్లను చౌకగా కొని వానికే ఎక్కించెను. రిమ్ము ఒక అంగుళము ఇరుకు. టైరు క్రింది అంచులు దగ్గరకు లాగబడి, ప్రక్కగోడలు పొట్టవలె ఉబ్బును. నేలనంటు ముఖము నడుమ గుండ్రముగా లేచును. అందువలన నడుమభాగమే త్వరగా అరుగును. బరువు వేసినపుడు ప్రక్కగోడ రిమ్ము అంచునకు పైభాగమున మిక్కిలిగా మడతపడుచు, విప్పారుచు ఉండును. ఆ కదలికచే వేడి పుట్టును. వేడిచే రబ్బరును, లోపలి దారములును విడిపోవును. బండి మలుపులలో ఊగులాడును. పైగా రిమ్ము అర అంగుళము తగ్గినచో టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గును. కావున డబ్బిచ్చి కొన్న వెడల్పులోనే కొంత వ్యర్థమగును.

రిమ్ము మితిమీరి వెడల్పైనను మేలు లేదు. అప్పుడు ప్రక్కగోడలు చాచబడి, నేలనంటు ముఖము చదునై, అంచులు ముందుగా అరుగును. రాళ్లదెబ్బ ప్రక్కగోడకు నేరుగా తగులును. గాలి తగ్గినపుడు టైరు అంచు రిమ్ముపై తన స్థానమునుండి జారవచ్చును.

వెనుక జంటటైర్లున్న బండ్లకు మరియొక చిక్కు కలదు. రెండు రిమ్ముల నడిమి దూరము మొదటి టైర్లకు తగినట్లు ఏర్పడియున్నది. టైర్లు వెడల్పైనచో నడిమి సందు తగ్గును. బరువుమీద రెండును ఒరసికొని కాలును. సందున రాయి చిక్కినచో రెండును చెడును. జంటలో ఒకదానినే మార్చుట మరింత ప్రమాదకరము. 9.00-20 టైరు ఎత్తు సుమారు 1018 మిల్లీమీటర్లు, 10.00-20 టైరు ఎత్తు సుమారు 1052. ఈ రెంటిని జతచేసినచో పెద్దదే బరువంతయు మోసి ముందుగా పగులును.

పెద్ద టైరు వేసినంతమాత్రమున బండి మోతబలము పెరుగదని కూడ తెలిసికొనవలయును. ఇరుసు, కమ్మీలు, రిమ్ము, బ్రేకులు అన్నియు పూర్వపువే గదా! వానిలో దేనిబలము తక్కువయో దానిబలమే బండిబలము. ధాన్యపుబస్తాలు మరి పది ఎక్కించవచ్చునను ఆశతో టైరు మార్చినవాడు ఆ పది బస్తాల కూలితో ఇరుసు బాగుచేయించుకొనవలసివచ్చును.

ఇక ప్రాణాపాయపు మాట. 10.00 ఆర్ 20 టైరును, 11 ఆర్ 22.5 టైరును చూపునకు ఎత్తులో ఇంచుమించు సమానము. కాని ఒకదాని రిమ్ము రెండవదానికి ఎన్నటికిని పనికిరాదు. అట్లే లాకురింగు గల రిమ్ములలో ఒక రిమ్ము రింగును మరొక రిమ్మునకు తగిలింపరాదు. సరిగా కూర్చుండని రింగు గాలి నింపునపుడు ఎగిరి మనిషిని చంపగలదు. ఈ భయముచేతనే అమెరికాదేశమున 1980వ సంవత్సరమున ఇట్టి రిమ్ములపని చేయువారి రక్షణకు ప్రత్యేక నిబంధనలు చేసిరి. గాలి నింపునపుడు చక్రమును ఇనుపబోనులో నుంచి, దూరముగా ప్రక్కన నిలువవలయును, ఎదుట నిలువరాదు.

కాబట్టి సభ్యులు టైరు కొనుటకు ముందు రిమ్ముమీది అంకెను వ్రాసికొనుడు. దానిని కొనబోవు టైరు చేసినవారి పట్టికతో సరిచూడుడు. వెడల్పు టైరే కావలయునన్నచో రిమ్ము, ట్యూబు, ఫ్లాపు కూడ దానికి తగినవే కొనుడు; జంటనడిమి సందును కొలువుడు; ఒక ఇరుసుమీద అన్నియు ఒకే కొలతవి వేయుడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, నిర్మాత మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది గాన, రిజిస్ట్రేషను పత్రమును కూడ చూచుకొనుడు. ఈ ఖర్చంతయు లెక్కించిన పిదప పాత కొలత టైరే లాభమని తోచినచో సందేహింపక దానినే కొనుడు.

కోతకాలమున ధాన్యముతో నిండిన బండి నడిదారిలో టైరు పగిలి నిలిచినచో, ఆ దినపు కూలియు, సరకు ధరయు, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణమును పోవును. కొలబద్దతో కొలుచుటకు పట్టునది రెండు నిమిషములే. ఆ రెండు నిమిషములు వెచ్చించుడని సభ్యులెల్లరకును మా మనవి.