ఎనియాక్‌తో లెక్కలు చేయించిన ఆరుగురు

1980ల నడిమిలో హార్వర్డ్‌లో చదువుకుంటున్న క్యాథీ క్లైమన్, కంప్యూటర్ రంగంలో తొలినాటి స్త్రీల గురించి పరిశోధన వ్యాసానికి సమాచారం వెతుకుతూ ఒక పాత నలుపు తెలుపు ఫోటో దగ్గర ఆగిపోయారు. గది గోడల పొడవునా నిలువెత్తు నల్లటి యంత్రం. దాని ముందు మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ ఉన్నారు, కానీ ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వీళ్లెవరని కంప్యూటర్ల చరిత్ర తెలిసినవాళ్లను అడిగితే, ఫ్రిజ్ ప్రకటనల్లో తలుపు తెరిచి చూపించే మోడళ్ల లాంటివాళ్లేనని జవాబు వచ్చింది. క్లైమన్ ఆ మాట నమ్మలేదు. ఫోటోలోని ఆడవాళ్ల చూపు, చేతులు యంత్రం మీదే ఉన్నాయి మరి.

ఆ యంత్రం ఎనియాక్ అనే కంప్యూటర్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఫిరంగి పట్టికలు కావలసి వచ్చాయి. ఏ కోణంలో పేలిస్తే గుండు ఎంత దూరంలో పడుతుందో, గాలి వల్ల ఎంత తేడా వస్తుందో చెప్పే పట్టికలవి. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మూర్ స్కూల్‌లో, లెక్కలు చదివిన అమ్మాయిలు బల్ల మీద కాలిక్యులేటర్ పెట్టుకుని ఆ పని చేసేవారు. ఒక్క గుండు దారి తేల్చడానికి 30, 40 గంటలు పట్టేది. ఈ భారం యంత్రానికి అప్పగించేందుకు జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ 1943లో నిర్మాణం మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి దాని బరువు దాదాపు 30 టన్నులు, వాక్యూమ్ ట్యూబులు సుమారు 18,000. సెకనుకు 5,000 కూడికలు చేసేది.

చేయగలదు సరే, ఎలా చేయాలో దానికి ఎవరు చెప్పాలి? 1945లో ఆ లెక్కల అమ్మాయిల్లోంచి ఆరుగురిని ఎంచుకున్నారు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. కే పుట్టింది ఐర్లండ్‌లోని డోనెగల్‌లో. జీన్ మిజోరీలో పొలం పనుల మధ్య పెరిగారు. బెట్టీని కాలేజీలో మొదటి రోజే లెక్కల ప్రొఫెసర్, ఇంట్లో పిల్లల్ని పెంచుకోకుండా ఇక్కడికెందుకొచ్చావని అడిగితే ఆమె జర్నలిజంలోకి మారిపోయారు. అలాంటి మనిషి మళ్లీ గణితం దగ్గరికే వచ్చారు.

మొదట్లో వాళ్లను యంత్రం ఉన్న గదిలోకే రానివ్వలేదు. రక్షణ అనుమతి లేదన్నారు. చేతికిచ్చింది సర్క్యూట్ పటాలు. వాటిని పరచుకుని, ఇంజనీర్లను ప్రశ్నలడుగుతూ, ఒక్కో ప్యానెల్ ఏం చేస్తుందో తామే తేల్చుకున్నారు. పాఠ్యపుస్తకం లేదు, ప్రోగ్రామింగ్ భాష అన్నదే అప్పటికి పుట్టలేదు.

ఎనియాక్‌లో ప్రోగ్రామ్ అంటే తీగలూ స్విచ్చులే. పదంకెల సంఖ్యను దాచుకుని, కూడగల అక్యుములేటర్లు 20 ఉండేవి. ఒక విద్యుత్ పల్స్ అందగానే అక్యుములేటర్ తన పని చేసి, మరో పల్స్‌ను తీగ ద్వారా తర్వాతి దానికి పంపేది. ఒక కూడికకు పట్టేది సెకనులో 5,000వ వంతు. ఏ ప్యానెల్ ఏ క్షణంలో కదలాలో, ఏవి ఒకేసారి నడవాలో ముందే కాగితం మీద గీసుకోవాలి, తర్వాత తీగలు గుచ్చాలి. యంత్రం ఆగితే తప్పు తమ పథకంలో ఉందా, కాలిపోయిన ట్యూబులో ఉందా అన్నదీ వాళ్లే తేల్చేవారు. ఏ ట్యూబు పోయిందో కూడా చెప్పగలిగేంత పట్టు సాధించారు.

1946 ఫిబ్రవరి 15న ప్రదర్శన. గుండు దారి లెక్కను సిద్ధం చేసింది బెట్టీ, జీన్. ముందు రోజు రాత్రి ఒక చిక్కొచ్చి పడింది. గుండు నేలను తాకాక లెక్క ఆగాలి, ఆగడం లేదు. లెక్క ప్రకారం గుండు భూమిలోకి దూసుకుపోతూనే ఉంది! విసిగి ఇళ్లకు వెళ్లిపోయారు. తెల్లారేసరికి బెట్టీకి జవాబు దొరికింది. తిన్నగా వచ్చి ఒక్క స్విచ్ మార్చారు. ఆ రోజు అతిథుల ఎదుట ఎనియాక్ ఆ లెక్కను 20 సెకన్లలో పూర్తి చేసింది, నిజమైన గుండు నేల మీద పడడానికి పట్టే సమయం కన్నా ముందే. ఆ రాత్రి పెద్దలకు విందు జరిగింది. ఈ ఆరుగురికి పిలుపు రాలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎనియాక్ తర్వాత మేరీలాండ్‌లోని ఆబర్డీన్ సైనిక స్థావరానికి చేరి, 1955 అక్టోబర్ 2 దాకా పనిచేసింది. లెక్క మారినప్పుడల్లా తీగలు పీకి గుచ్చే అవసరం 1948లో తప్పింది. ఆదేశాలను ముందే అమర్చిపెట్టుకునే పద్ధతికి దాన్ని మార్చారు. ఆ మార్పుకు ప్రోగ్రామింగ్ చేసిన బృందాన్ని నడిపించింది పెళ్లయ్యాక జీన్ బార్టిక్ అయిన జీనే. బెట్టీ యూనివాక్ కంప్యూటర్ కోసం సమాచారాన్ని వరుసలో పేర్చే ప్రోగ్రామ్ రాశారు, కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపకల్పనలోనూ పాలుపంచుకున్నారు.

ఈ సమాచారం కోసం క్లైమన్ తవ్వాల్సింది పురాతన శాసనాలేమీ కాదు. ఆ స్త్రీలలో పలువురు అప్పటికి బతికే ఉన్నారు. వెళ్లి కలిశారు, తర్వాత వాళ్ల మాటలు రికార్డు చేశారు, వాళ్ల మీద డాక్యుమెంటరీ తీశారు. రూత్ మాత్రం 1986లోనే కన్నుమూశారు. సాంకేతిక రంగంలోని మహిళలను గౌరవించే అంతర్జాతీయ సంస్థ 1997లో తన ప్రముఖుల జాబితాలో ఆరుగురినీ కలిపి చేర్చింది, రూత్ పేరుతో సహా.