మరదలూ చెల్లెలూ – ఎవరు దగ్గర?

"తాతా, పిన్ని కూతురు చెల్లెలయింది, మామ కూతురు మరదలయింది. ఇద్దరిలో ఎవరు దగ్గర?" అని అడిగావు కదా అబ్బయా, లెక్కేసి చెప్తా విను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములుంటాయి. జతలో ఒకటి అమ్మిచ్చింది, ఒకటి నాన్నిచ్చింది. నీ జన్యువులన్నీ కలిపి ఒక రూపాయి అనుకో. అమ్మతో పొత్తు అర్ధరూపాయి. తోబుట్టువులతోనూ సగటున అంతే. నాతో, అవ్వతో, మేనమామతో పావలా. పిన్ని కూతురితో బేడ, అంటే రూపాయిలో ఎనిమిదో వంతు. మామ కూతురితోనూ బేడే! వరసలు మనం పెట్టుకున్నవి. రక్తానికి ఇద్దరూ ఒకటే.

చిట్టమూరు, కోట, వాకాడు పల్లెల్లో మేనరికాలు కొత్తేమీ కాదు. పొలం చేయి దాటదని, పిల్ల తెలిసిన ఇంట్లోనే ఉంటుందని పెద్దలు అట్లా కుదిర్చారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగింట ఒకటి రక్తసంబంధంలో జరిగిన పెళ్లే.

చిక్కెక్కడంటే, అందరిలోనూ కొన్ని లోపమున్న జన్యువులు అణిగి ఉంటాయి. జతలో రెండోది బాగుంటే రోగం బయటపడదు. ఒకే తాత నుంచి వచ్చిన లోపం భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. తలసేమియా, కొన్ని రకాల పుట్టుచెవుడు ఇట్లా వచ్చేవే. మామూలుగా నూరుమంది పిల్లల్లో 2, 3 మందికి పుట్టుకతో లోపాలుంటే, మేనరికంలో అది 4 నుంచి 6 దాకా పోతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే పొత్తు పావలా కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. అయినా ఎక్కువమంది బిడ్డలు చక్కగానే పుడతారు. లోపంతో పుడితే తల్లిని ఆడిపోసుకోవడం ఘోరమైన తప్పు. అది ఇద్దరి నుంచీ వచ్చింది.

దగ్గరితనానికి రక్తమొక్కటే కొలత కాదు. అవయవ మార్పిడి కోసం 1994లో చేసిన చట్టం దగ్గరి బంధువుల్లో భార్యాభర్తల్ని కూడా చేర్చింది. తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు ఎట్లాగూ అందులో ఉన్నారు. 2011 సవరణతో తాతలు, అవ్వలు, మనవలు, మనవరాళ్లు కూడా చేరారు. పావలా పొత్తున్న మేనమామ మాత్రం ఆ జాబితాలో లేడు.

మేనరికంలో ముప్పు సంగతి చెప్పాను కదా, అందుకని ఒక పని చెయ్యి. రెండు వైపులా మూడు తరాల పేర్లు, ఎవరెవరికి ఏం జబ్బులో, ఎవరిది మేనరికమో ఒక కాగితం మీద రాయి. మీ అక్క పెళ్లి మాటలు మొదలుకాక ముందే దాన్ని డాక్టరుకు చూపిద్దాం. నాకు గుర్తులేనివి అవ్వనడుగు, చెప్తుంది.