తొట్టిలో సముద్రము

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపమున, సముద్రమునకు చేరువగా నౌపడ అను గ్రామము కలదు. అచ్చటి ఉప్పు చిరకాలముగా ప్రసిద్ధి చెందినది. పోటు వేళ లోనికి వచ్చు ఉప్పునీటిని కాలువలద్వారా మళ్లించి, మొదట పెద్ద మడులలోను, పిదప చిన్న మడులలోను నిలువచేయుదురు. ఎండకును గాలికిని నీరు ఆవిరియై పోవును. పది పాళ్ల నీరు సుమారు ఒక పాలుగా తగ్గునప్పటికి ఉప్పు గింజకట్టును. చూచువారికి ఈ పనియంతయు సూర్యునిదే అని తోచును. కాని ఉప్పు పండించువారు ముందుగా చూచుకొనునది మడి అడుగు. నేల మెత్తనైనచో ఉప్పు బురదతో కలిసి నల్లబడును. నేల గుల్లయైనచో నీరంతయు ఇంకిపోవును. కావున అదను రాకమునుపే బురద తొలగించి, నేలను త్రొక్కి గట్టిపరచి, చదును చేయుదురు.

సముద్రజలమును నిలువచేయుటలో అడుగునకు గల ఈ ప్రాధాన్యము మరియొక చోటను కానవచ్చును. అది సముద్రజీవులను పెంచు గాజుతొట్టి. మడిలో నీరు పోయి ఉప్పు మిగులవలెను. తొట్టిలో నీరు నిలిచి ప్రాణులు బ్రదుకవలెను. అట్టి తొట్టి అడుగున ఇసుక పరచవలెనా, లేక అడుగును వట్టిగా విడువవలెనా అను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దానిపై తొట్టిలోని ప్రాణుల క్షేమము ఎంతయో ఆధారపడి యున్నది.

సముద్రజీవులను ఇంటిలో పెంచవలెనను కోరిక నేటిది కాదు. 1846లో ఇంగ్లండు దేశమున అన్నా థిన్ అను విదుషి సముద్రతీరమునుండి ప్రవాళములను లండను నగరమునకు తెచ్చి పెంచెను. ఆ దినములలో నీటిలోనికి గాలిని పంపు యంత్రములు లేవు. అందుచే ప్రతిదినము తొట్టినీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి అనేక పర్యాయములు పోయించుచుండెను. అట్లు పోయునప్పుడు గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలియును. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు జలచరములను ప్రజలకు చూపుటకై ప్రత్యేకముగా ఒక భవనము తెరువబడినది. నాటినుండి గాజుతొట్టిలో సముద్రమును నిలుపు విద్య క్రమముగా వృద్ధిచెందినది.

ఈ విద్యలో మిక్కిలి కఠినమైనది ప్రవాళములను పెంచుట. ప్రవాళము చెట్టువలె కనబడినను చెట్టు కాదు, అది జంతువు. ఒక్కొక్క చిన్నజీవి తన చుట్టును సున్నపు గూడు కట్టుకొనును. వేలకొలది జీవులు తరతరములుగా కట్టిన గూళ్లే ప్రవాళభిత్తికలు. మన దేశమున మన్నారు సింధుశాఖయందును, కచ్ సింధుశాఖయందును, లక్షద్వీపములయందును, అండమాను నికోబారు దీవులయందును ఇట్టి భిత్తికలు కలవు. ఈ జీవుల దేహములలో కంటికి కనబడని నాచు నివసించును. అది సూర్యరశ్మితో ఆహారము సిద్ధముచేసి, అందు కొంత తన ఆశ్రయదాతకు ఇచ్చును. కావున ప్రవాళములకు వెలుతురును, స్వచ్ఛమైన జలమును, ఎడతెగని ప్రవాహమును అవసరము. నీరు మలినమైనచో అవి పాలిపోయి క్షీణించును.

తొట్టిలోని నీరు మలినమగుట ఎట్లు? చేపలు ఆహారము తిని మలము విసర్జించును. తినగా మిగిలిన ఆహారము కుళ్లును. వీనినుండి అమోనియా పుట్టును. అది స్వల్పమైనను చేపలకు విషము. సముద్రము అపారమైనది కావున అందీ విషము పలుచబడి పోవును. తొట్టిలో అట్టి అవకాశము లేదు. అచ్చట కొన్ని సూక్ష్మజీవులు రక్షకులై నిలుచును. ఒక జాతివి అమోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక జాతివి ఆ నైట్రైటును అంత హానికరము కాని నైట్రేటుగా మార్చును. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలియాడుటకంటె రాతిని గాని, ఇసుకరేణువును గాని అంటిపెట్టుకొని యుండుటకే ఇష్టపడును. గుప్పెడు ఇసుకలోని రేణువులన్నిటి ఉపరితలమును కూడినచో అది ఎంత విశాలమగునో ఊహింపవచ్చును.

దళసరిగా పరచిన ఇసుక మరియొక మేలును చేయును. దాని లోపలి పొరలలోనికి ప్రాణవాయువు చొరదు. అచ్చట నివసించు సూక్ష్మజీవులు నైట్రేటునుండి ప్రాణవాయువును గ్రహించి, నత్రజనిని విడుదల చేయును. ఆ నత్రజని బుడగలై గాలిలో కలిసిపోవును. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున జాన్ జొబేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇసుకపొర క్రింద కొంత ఖాళీస్థలము విడిచి, ఈ గుణమును చక్కగా వినియోగించు పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతికి మొనాకో పేరు వచ్చినది.

ఇన్ని మేళ్లు కలిగిన ఇసుకను కొందరు ఏల తీసివేయుదురు? ఇసుక మేలు చేయుటయే గాక, మలినమును దాచును. నీటిలోని మడ్డి రేణువుల సందులలో చేరి, నెలలు గడచిన కొలది పేరుకొనును. పైకి తెల్లగా కనబడు ఇసుక అడుగున నల్లనై యుండవచ్చును. ఆ నల్లని పొరలో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. ఉప్పుటేటి బురదను త్రవ్వినప్పుడు వచ్చు కుళ్లిన గ్రుడ్డు వాసన దానిదే. తెలియక ఆ పొరను ఒక్కసారిగా కదలించినచో విషము నీటిలో కలిసి, తొట్టిలోని ప్రాణులు చచ్చుటయు కలదు. అంతేగాక, ప్రవాళములకు మేలుచేయు బలమైన ప్రవాహమునకు ఇసుక అడ్డు వచ్చును. ప్రవాహము హెచ్చించినచో ఇసుక లేచి వానిపై పడును; తగ్గించినచో మడ్డి నిలుచును.

వట్టి అడుగుగల తొట్టిలో మడ్డి దాగుటకు చోటు లేదు. పడినది పడినట్లు కనబడును. దానిని సన్నని గొట్టముతో నీటితోపాటు పైకి లాగివేయవచ్చును. గాలిబుడగలతో నురుగు పుట్టించి, ఆ నురుగుతో మలినమును వెలికి తీయు యంత్రము గూడ ఇట్టి తొట్టికి మిక్కిలి తోడ్పడును. కొంతకాలమునకు వట్టి గాజుపై గులాబివన్నె గల సున్నపు నాచు వ్యాపించి, అడుగు కొంత అందముగనే కనబడును.

అయితే ఇసుకలో తలదాచుకొను చేపలకు ఇట్టి తొట్టి పనికిరాదు. కొన్ని జాతుల చేపలు రాత్రివేళ ఇసుకలో దూరి నిద్రించును. కొన్ని ఇసుకను నోటితో జల్లించి ఆహారము వెదకుకొనును. అట్టివానిని వట్టి గాజుపై ఉంచుట వానిని హింసించుటయే. మరియు, ఇసుకతోపాటు అందలి సూక్ష్మజీవులును పోవును గనుక, వానికి ఆశ్రయమిచ్చు రంధ్రముల రాళ్లు తొట్టిలో తగినన్ని యుండవలెను.

ఇసుకగల తొట్టిని వట్టి అడుగు తొట్టిగా మార్చుటకు ఓర్పు వలయును. ముందుగా అదే ఉప్పదనమును, అదే వేడిమియు గల క్రొత్త నీటిని సిద్ధపరచుకొనవలెను. పిదప ఒక మూలనుండి కొంత ఇసుకను గొట్టముతో నీటితోడనే లాగివేయవలెను. చేతితో గాని గరిటెతో గాని కలియబెట్టరాదు. తీసిన నీటికి బదులుగా క్రొత్త నీరు పోయవలెను. కొన్ని దినములు ఆగి, అమోనియా పుట్టినదేమో పరీక్షించి, నీరు నిర్మలముగా ఉన్నప్పుడే మరికొంత తీయవలెను. ఇట్లు కొన్ని వారములు సాగించినచో రాళ్లలోని సూక్ష్మజీవులు వృద్ధిపొంది, పోయినవాని పనిని గూడ నిర్వహించును. ఇసుకలో నాటుకొని యున్న రాళ్లు ఒరిగి గాజును పగులగొట్టకుండ ముందుగనే వానిని స్థిరముగా నిలుపుట మరువరాదు.

తొట్టి అడుగు ఎట్టిదైనను విడువరాని నియమ మొకటి కలదు. నౌపడ మడులలో జరుగునదే తొట్టిలోను జరుగును: నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. నూరు లీటర్ల సముద్రజలమున సుమారు మూడున్నర కిలోల ఉప్పు ఉండును. పది లీటర్లు ఆవిరియైనచో ఆ ఉప్పంతయు తొంబది లీటర్లలోనే నిలుచును. అనగా లీటరునకు ముప్పదియైదు గ్రాములుగా నున్నది దాదాపు ముప్పదితొమ్మిది గ్రాములగును. కావున తగ్గిన మేరకు ప్రతిదినము మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పదనము దినదినము పెరుగును.

మన తీరమునందలి రొయ్యల రైతులకు గూడ అడుగు విలువ తెలియును. రొయ్యలు పట్టిన పిమ్మట చెరువును ఎండబెట్టి, అడుగున చేరిన నల్లని బురదను తొలగింతురు. కొందరు చెరువు అడుగున ప్లాస్టిక్ పట్టా పరచి, నడుమనున్న తూముద్వారా మడ్డిని వెడలింతురు. పెద్ద చెరువులో వారు చేయుపనియు, చిన్న తొట్టిలో జరుగు పనియు ఒక్కటే.

అలంకారమునకై ప్రవాళములను సముద్రమునుండి తెచ్చుకొనరాదు. భిత్తికలు కట్టు ప్రవాళములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. వానిని పెరికి తెచ్చుట నేరము.

ఇసుక మేలా, వట్టి అడుగు మేలా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. ఇసుక మాటలాడని సేవకునివంటిది. అది పగలును రాత్రియు పనిచేయును గాని, చెత్తను మూలను దాచును. ఆ సేవకుని పంపివేయుట తప్పు కాదు. కాని పంపివేసినవాడు, అతడు చేయుచుండిన పనిని ప్రతిదినము తానే చేయుటకు సిద్ధపడవలెను. బద్ధకించినచో దాని ఫలము అనుభవించునది యజమానుడు కాదు. తొట్టి దాటి పోజాలని ఆ మూగప్రాణులు.