పల్లె దవాఖానలో డాక్టరు కొలువు.. మీరు రెడీనా?

సూర్యాపేట నుంచి జనగామ పోయే బస్సెక్కితే నడుమ తగిలే ఊరు తిరుమలగిరి. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 నుంచి సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఈ దారికి ఒక కొసన సూర్యాపేటలో 2019లో, ఇంకో కొసన జనగామలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. డాక్టర్లను తయారు చేసే కాలేజీలైతే ఊరి దగ్గరికే వచ్చాయి. మరి అక్కడ చదివినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో ఉంటారా? పట్టా చేతికి రాగానే హైదరాబాద్ బస్సెక్కుతారా?

ఈ ప్రశ్న పల్లెకు ప్రాణంతో సమానం. పొలంలో పాము కరిస్తే, అర్ధరాత్రి నొప్పులొస్తే మొదటి గంటలోనే డాక్టరు కావాలి. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. భవనం ఉండి డాక్టరు లేకపోతే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఎందుకు వెళ్లరు?

జీతం ఒక్కటే కారణం కాదు. ఎంబీబీఎస్ అయ్యాక చాలామంది కన్ను పీజీ సీటు మీదే ఉంటుంది. ఉండటానికి క్వార్టర్, భార్యకో భర్తకో ఉద్యోగం, పిల్లలకు బడి.. ఇవన్నీ లెక్కలోకొస్తాయి. అనుమానం వస్తే అడగడానికి పక్కన సీనియర్ ఉండరు. బలవంతం పెడితే ఏమవుతుందో 2014లో చూశాం. ఏడాది నిర్బంధ గ్రామీణ సేవ వద్దంటూ తెలంగాణలో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. పల్లెకు పోమని కాదు, పర్మనెంట్ పోస్టులు వేయండన్నది వాళ్ల వాదన.

వెళ్తే ఏమొస్తుంది?

తెలంగాణ మెడికల్ బోర్డు 2022లో 969 సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్కేలు రూ.58,850–1,37,050. ఎంపికలో 80 పాయింట్లు ఎంబీబీఎస్ మార్కులకు, 20 పాయింట్లు ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5 పాయింట్లు, మిగతా చోట్ల 2 పాయింట్లు. అయితే ఈ పోస్టుల్లో చేరితే ప్రైవేటు ప్రాక్టీసు కుదరదు. అదే ఏడాది పల్లె దవాఖానల్లో ఎంబీబీఎస్ చేసినవారికి నెలకు రూ.40 వేల కాంట్రాక్టు కొలువులు వచ్చాయి.

అసలు ఆకర్షణ పీజీ కోటా. సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లు కేటాయించే అధికారం రాష్ట్రాలకుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తర్వాత 2021లో తెలంగాణ ఈ కోటాను క్లినికల్ సీట్లలో 20 శాతం, నాన్ క్లినికల్‌లో 30 శాతంగా తెచ్చింది. అంటే పల్లెకు పోతే పీజీ పోతుందన్న భయం అక్కర్లేదు. పీజీకి అదీ ఒక దారే.

ఊరి పిల్లలే ఊరి డాక్టర్లు

పల్లెలో పుట్టి పెరిగిన విద్యార్థులు డాక్టర్లయ్యాక పల్లెలో పనిచేసే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. థాయ్‌లాండ్ 1994 నుంచి గ్రామీణ విద్యార్థులకు సీట్లిచ్చి, సొంత ప్రాంతపు దవాఖానల్లోనే శిక్షణ ఇచ్చి, అక్కడికే పంపుతోంది. మన దగ్గర ఛత్తీస్‌గఢ్ 2009లో మారుమూల ప్రాంతాల డాక్టర్లకు అదనపు జీతం మొదలుపెట్టింది. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చిన ఈ రోజుల్లో తుంగతుర్తి, మోత్కూరు, తిరుమలగిరి పిల్లలకు ఇదే పెద్ద అవకాశం. ఇక్కడి భాష, పంటలు, జనం బాధలు వాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదు. నల్గొండ ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను పుస్తకంలో చదవడం వేరు, ఎదురుగా కూర్చున్న పేషెంటులో చూడటం వేరు.

చేరేముందు అడగండి

- ఉండటానికి క్వార్టర్ ఉందా? రాత్రి డ్యూటీకి రక్షణ ఏంటి?
- కాంట్రాక్టా, రెగ్యులరా? సర్వీసు సర్టిఫికెట్ ఎవరిస్తారు?
- పీజీ కోటాకు ఎన్నేళ్ల సర్వీసు కావాలి? తాజా నోటిఫికేషన్ చదివాకే లెక్కేసుకోండి.
- ల్యాబ్, మందులు, స్టాఫ్ నర్సు ఉన్నారా? కష్టమైన కేసు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

జవాబులు సరిగా ఉంటే వెనకాడకండి. జవాబులు లేకపోతే ఇప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. డాక్టరు పల్లెకు రావాలంటే పల్లెలో డాక్టరు బతికే ఏర్పాటు కూడా ఉండాలి కదా!