పులికాట్ చలికాలపు చుట్టాలు

చెన్నై నుంచి ఉత్తరంగా పదహారో నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే ఆరంబాకం దాటగానే బోర్డుల మీద అరవం పోయి తెలుగు మొదలవుతుంది. అదే తడ. చాలామందికి ఇది ఆగే ఊరు కాదు, దాటిపోయే ఊరు. లారీ డ్రైవర్లకు ఒకప్పుడు తడ అంటే భీములవారిపాళెం చెక్‌పోస్టే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను తనిఖీల కోసం నిలబడే ఆ బారులు పోయాయి. ఇప్పుడు ఉదయం, సాయంత్రం కనిపించేవి శ్రీసిటీ కంపెనీలకు మనుషుల్ని చేరవేసే బస్సులు. ఈ పరుగంతా రోడ్డు మీదే. రోడ్డు వదిలి తూర్పుకు కొద్ది కిలోమీటర్లు వెళితే నేల సన్నగా తడిసి, గాలిలో ఉప్పు వాసన తగిలి, కనుచూపు మేర నీళ్లు పరుచుకుంటాయి. ఏటా కార్తీకం దాటేసరికి ఆ నీళ్లలోకి చుట్టాలు దిగుతారు. వాళ్ల వెనకే వాళ్లను చూడటానికి మనుషులూ వస్తారు. ఈ రెండు రకాల చలికాలపు రాకల మీదే తడ, సూళ్లూరుపేట ప్రాంతం కొంత ఆశ పెట్టుకుంది.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు సుమారు అరవై కిలోమీటర్లు. ఎక్కువ భాగం మన వైపుంది, దక్షిణపు కొన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇంత పెద్ద సరస్సు సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ అంటే మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. చాలాచోట్ల మనిషి దిగి నడవొచ్చు. అరణి, కాళంగి, స్వర్ణముఖి నదులు మంచినీళ్లు తెస్తే, సముద్రపు ముఖద్వారాలు ఉప్పునీళ్లు తెస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతుంది, ఎండాకాలానికి కుంచించుకుపోయి తెల్లటి ఉప్పు పొర తేలుతుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న దీవి శ్రీహరికోట. ఈ నీటికి పాతకాలపు తెలుగు పేరు ప్రళయకావేరి. ఇక్కడి దీవుల మాటనీ బతుకునీ స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో పదిలం చేశారు. తడకు వచ్చే ముందు ఆ పుస్తకం చదివితే ఈ నీళ్లు మరోలా కనిపిస్తాయి.

ఇక చుట్టాల సంగతి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్ప దగ్గర ఆగి, ఉదయపు పొగమంచు విడిపోయేదాకా ఓపిక పడితే దూరంగా గులాబీ రంగు గీత ఒకటి తేలుతుంది. కాసేపటికి ఆ గీత కదులుతుంది. అవే ఫ్లెమింగోలు. నాలుగైదడుగుల పక్షి, అందులో సగానికి సగం కాళ్లూ మెడా. తల పూర్తిగా తలకిందులు చేసి, ముక్కు పైభాగం నేలవైపుకు తిప్పి తింటుంది. నాలుక పంపులా ఆడుతూ బురదనీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచున ఉన్న సన్నటి జల్లెడలో నాచు, చిన్న రొయ్య పిల్లల్లాంటి జీవులు చిక్కుకుంటాయి. రెక్కలకు ఆ రంగునిచ్చేది కూడా ఆ తిండిలోని వర్ణకాలే, తిండి మారితే రంగు వెలిసిపోతుంది. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. ఇక్కడికి వచ్చేది మేత కోసం. నీళ్లు మోకాలి లోతు ఉండాలి. వాన మరీ ఎక్కువై నీరు లోతెక్కితే కాళ్లు అందవు, వాన తప్పిపోతే మేత ఉండదు. అందుకే ఒక ఏడు గుంపులు రోడ్డు పక్కకే వస్తాయి, మరో ఏడు దుర్భిణి పెట్టినా అందవు.

గుడ్లు పెట్టే చుట్టాలు దిగే ఇల్లు వేరే ఉంది. దొరవారిసత్రం మండలం నేలపట్టులోని పక్షుల రక్షిత కేంద్రం 458.92 హెక్టార్ల చిన్న అడవి, చెరువు. 1976లో ప్రకటించారు. చెరువులో నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు పక్క కొమ్మలు పంచుకుంటాయి. గూడబాతు మేత కోసం పులికాట్ దాకా ఎగిరివెళ్లి, గొంతు కింది సంచితో చేపలు పట్టి వచ్చి పిల్లలకు పెడుతుంది. ఈ ఊరివాళ్లకు ఈ పక్షుల మీద ప్రేమ ఉట్టినే పుట్టలేదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే పైరు ఏపుగా వస్తుందని తరాలుగా వాళ్లకు తెలుసు. పక్షులు దిగాయంటే వానలు బాగున్నట్టే లెక్క. సర్కారు బోర్డు పెట్టకముందే ఇక్కడ పక్షికి కాపలా ఉంది. నాకు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ కాపలాయే.

ఈ చుట్టాలను చూడటానికి వచ్చే మనుషుల కోసం 2001లో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలైంది. జనవరి చుట్టూ, చలి ముదిరి పక్షులు నిండుగా ఉన్న రోజుల్లో పెట్టే పండగ ఇది. సూళ్లూరుపేటలో సభలు, స్టాళ్లు, ఆటల పోటీలు, సాయంత్రం పాటలు, నేలపట్టులో, అటకానితిప్పలో పక్షుల దర్శనం, తడ మండలం భీములవారిపాళెంలో పడవ షికారు. బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి దుర్భిణిలో కన్ను పెట్టించడం దీనిలో నాకు బాగా నచ్చిన పని. 2020 తర్వాత కొన్నేళ్లు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 దాకా మూడు రోజులు మళ్లీ ఘనంగా జరిగింది. ఆ మూడు రోజులూ ఈ రోడ్ల మీద కాలు పెట్టే చోటుండదు. నాలుగో రోజు నుంచి పడవల రేవు మళ్లీ ఆదివారాల కోసం ఎదురుచూస్తుంది.

వెచ్చటి ఊరు చలికాలపు అతిథుల మీద ఆశ పెట్టుకోవడం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అందులో నాకు విచిత్రంగా తోచేది అమెరికాలోని ఆరిజోనా కథ. ఎడారి నగరమైన ఫీనిక్స్‌కు 1996లో కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక ఐస్ హాకీ జట్టు తరలివచ్చి కయోటీస్ అని పేరు పెట్టుకుంది. ఆ ఆట సీజన్ అక్టోబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది, దాదాపు మన ఫ్లెమింగోలు పులికాట్‌లో ఉండే నెలలే. సరిగ్గా ఆ నెలల్లోనే కెనడా నుంచి, ఉత్తర రాష్ట్రాల నుంచి వయసు మళ్లినవాళ్లు వెచ్చదనం వెతుక్కుంటూ ఆరిజోనాకు వస్తారు. హాకీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు. వాళ్లతో కుర్చీలు నిండుతాయని ఆశపడటంలో తప్పు లేదు. వాళ్లు వచ్చారు కూడా. కాకపోతే చాలామంది తమ సొంతూరి జట్టు ఆడే రోజు చూసుకుని, ఆ జట్టు చొక్కానే తొడుక్కుని వచ్చారు. 2009లో కయోటీస్ దివాలా దాకా వెళ్లింది. 2022 నుంచి అయిదు వేల సీట్లు కూడా లేని యూనివర్సిటీ రింకులో ఆడింది. 2023 మేలో పక్కనున్న టెంపే ప్రజలు కొత్త స్టేడియం ప్రతిపాదనను ఓటేసి వద్దన్నారు. 2024లో ఆటగాళ్లు ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయారు. అదే ఎండల ఫ్లోరిడాలో మాత్రం టాంపా జట్టు చుట్టుపక్కల పిల్లలకు స్టిక్కులు, బంతులు పంచి ఆట నేర్పింది, 2020, 2021లో వరుసగా ఆ ఆటలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచింది. అదే రాష్ట్రంలోని పాంథర్స్ జట్టు ఏళ్ల తరబడి ఖాళీ కుర్చీల ముందు ఆడి 2024, 2025లో అదే కప్పు ఎత్తింది. చలికాలపు అతిథి ఎక్కడైనా ఆదాయమే. కానీ ఏడాది పొడవునా అక్కడ ఉండేవాళ్లు ‘ఇది మాది’ అనుకోకపోతే ఆ ఆదాయం దేన్నీ నిలబెట్టదు. నేలపట్టు రైతు, దుర్భిణిలో కన్ను పెట్టిన బడిపిల్లాడు మనకు అందుకే ముఖ్యం.

పులికాట్‌లో ‘మాది’ అనవలసిన మొదటి మనిషి జాలరి. ఒడ్డు వెంట కుప్పాల్లో (జాలరి పల్లెల్లో), ఇరకం వంటి దీవుల్లో ఉన్నవాళ్లకు సరస్సంటే రొయ్య, పీత, చేప. మన వైపు సముద్రపు ముఖద్వారాలు, వాకాడు మండలం రాయదొరువు సహా, ఇసుక మేటలతో పూడుకుపోతూ వచ్చాయి. ఉప్పునీళ్లు వచ్చిపోయే దారి మూసుకుంటే సముద్రం నుంచి రొయ్య పిల్ల లోపలికి రాదు, సరస్సు త్వరగా ఎండుతుంది, వేట తగ్గుతుంది. మేత తగ్గితే పక్షీ తగ్గుతుంది. ముఖద్వారాలు తవ్వించమని జాలరులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. పండగ వేదిక మీద ఎన్ని దీపాలు వెలిగించినా, ఈ తవ్వకం జరిగి నీరు నిలిస్తేనే చుట్టాలకు ఇక్కడ ఇల్లుంటుంది. పండగ ఖర్చుకన్నా ముందు ఈ ఖర్చు రావాలని నా పట్టు.

రెండో లోటు రాత్రి బస. చెన్నై కారు పొద్దున వచ్చి పక్షిని చూసి, ఫొటో తీసుకుని, మధ్యాహ్నానికి తిరుగుముఖం పడుతుంది. దారిలో తినే భోజనం హైవే హోటల్‌కు పోతుంది. ఒక కుటుంబం ఒక్క రాత్రి కుప్పంలో ఉండి, పీతల పులుసు తిని, తెల్లారి ఆ ఊరి పడవలోనే నీళ్ల మీదికి వెళితే డబ్బు చేరవలసిన చేతికి చేరుతుంది. ఆగడానికి కారణాలకు కొదవ లేదు. శ్రీహరికోటలో 2019లో జనం కోసం తెరిచిన అయిదు వేల సీట్ల గ్యాలరీ నుంచి రాకెట్ ఎగరడం చూడొచ్చు. 1971 అక్టోబరులో ఒక చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన ప్రయోగ కేంద్రం శ్రీహరికోట. సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి, ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలూ వచ్చి మొక్కుతారు. పడమటి కొండల్లో ఉబ్బలమడుగు జలపాతం ఉంది. వరదయ్యపాళెం మండలంలో ఉన్నా చెన్నై కుర్రాళ్లు దాన్ని తడ జలపాతమనే పిలుస్తారు. శివరాత్రికి అక్కడి సిద్ధులయ్య కోన భక్తులతో నిండుతుంది.

రావాలనుకునేవాళ్లకు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చెన్నై సెంట్రల్ పక్కనున్న సబర్బన్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేట లోకల్ రైళ్లు తడలో ఆగుతాయి. తిరుపతి వైపు నుంచి శ్రీకాళహస్తి మీదుగా రోడ్డు ఉంది, ఉబ్బలమడుగు ఆ దారిలోనే తగులుతుంది. పడవ ఎక్కాలంటే భీములవారిపాళెం రేవుకు వెళ్లాలి, అక్కడ పర్యాటక శాఖ బోటింగ్ ఉంది, ఇరకం దీవికి పడవలూ అక్కడి నుంచే. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎవరూ ఎక్కకండి. లోతు లేని నీళ్లే కదా అనుకోవద్దు. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వైపు ఇదే సరస్సులో పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. నేలపట్టుకు ఉదయాన్నే వెళ్లండి, కళ్లకు కొట్టని రంగు బట్టలు మంచివి, గట్టిగా మాట్లాడకండి. ఫ్లెమింగోల దగ్గరికి డ్రోన్ ఎగరేయకండి, గుంపు ఒకసారి బెదిరి లేస్తే ఆ పూట మేత పోయినట్టే. తిరిగి వెళ్లేముందు రేవులో పడవ కట్టేస్తున్న వాళ్లను ఈ ఏడు రొయ్య ఎలా పడిందో అడగండి, సరస్సు సంగతి వాళ్లకు తెలిసినంతగా ఏ బోర్డూ చెప్పదు.