రైలు గేటు వద్ద ఊగే ఎర్రదీపము

గేటు పడినదంటే విసుగుకొననివారు మనలో అరుదు. ఆఫీసుకు వేళ మించిపోవుచుండగా గేటుమాను కడ్డీ దించివేయును. రైలు జాడ మాత్రము కనబడదు. ఆ నాలుగు నిమిషములలో గేటు ఎట్లున్నది, సిగ్నలు ఎట్లున్నది అని తేరిపార చూచువారెవరు? అట్టి వస్తువులనే వెదకి వెదకి చూచుట వేడుకగా పెట్టుకొన్నవారు అమెరికాలో కొందరు కలరు. కొన్ని మాసములుగా మాకును ఆ జాడ్యము అంటుకొన్నది.

ఇందుకు ఓడ టిక్కెట్టు గాని విమానపు టిక్కెట్టు గాని అక్కరలేదు. గూగుల్ కంపెనీవారు కారు నెత్తిన కెమేరాలు బిగించి, వీధివీధి తిరిగి తీసిన ఫోటోలను ఇంటర్నెట్టులో పటముతోపాటు చూపుచున్నారు. దీనిని స్ట్రీట్ వ్యూ అందురు. 2007 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్కు మొదలైన 5 అమెరికా నగరములతో ఇది మొదలైనది. మన బెంగుళూరులో 2011లోనే ఆ కార్లు తిరుగసాగినవి గాని, పోలీసువారు అభ్యంతరము చెప్పగా ఆగిపోయినవి. తుదకు 2022 జూలైలో బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు మొదలైన 10 నగరములకు ఆ యోగము పట్టినది.

ఇక వారు వెదకే వస్తువులలో ముఖ్యమైనది విగ్‌వాగ్ అను సిగ్నలు. ఊగులాడునది గనుక దానికా ముద్దుపేరు. పూర్వము రైలు వచ్చునపుడు కావలివాడు దారికి అడ్డముగా నిలిచి, ఎర్రలాంతరు అటూ ఇటూ ఊపి బండ్లను ఆపెడివాడు. మోటారుకార్లు పెరుగుచున్న ఆ దినములలో, దక్షిణ కాలిఫోర్నియాలోని పసిఫిక్ ఎలక్ట్రిక్ రైల్వేలో ఇంజనీరుగా ఉన్న ఆల్బర్ట్ హంట్ 1909లో ఆ కావలివాని చేతిని యంత్రముగా మార్చినాడు. కదలని దీపమును కన్ను దాటిపోవచ్చును. కదిలే దీపమును దాటిపోలేదు. ఇదే అందలి కిటుకు.

ఒక ఇనుపపెట్టెలో రెండు విద్యుదయస్కాంతములుండును. రైలు సమీపించగానే విద్యుత్తు ప్రవహించి, ఒకదాని తరువాత ఒకటి ఇనుపచేతిని తమ వైపు లాగుచుండును. ఆ చేతి చివర సుమారు 20 అంగుళముల వెడల్పు గల గుండ్రని పలక. తెల్లని పలకపై నల్లని అడ్డగీతలు, నడుమ ఎర్రదీపము. గోడగడియారపు లోలకము వలె అది ఊగుచుండగా గంట మ్రోగును. చూచుటకు, తల అడ్డముగా ఊపి “వద్దు నాయనా, వద్దు” అను ఇంటిపెద్ద వలె ఉండును. లాస్ ఏంజెలెస్‌లోని మాగ్నెటిక్ సిగ్నల్ కంపెనీవారు వీనిని తయారు చేసి అమ్మినారు.

తరువాత రెండు ఎర్రదీపములు మార్చి మార్చి వెలిగే పద్ధతి వచ్చినది. అందులో కదిలే భాగములు లేవు; అయినను లాంతరు అటూ ఇటూ ఊగినట్లే కంటికి తోచును. క్రమముగా అదియే నియమమైనది. విగ్‌వాగుల తయారీ ఆగిపోయి, విడిభాగములు దొరకుట కష్టమైనది. చెడిపోయినవాని స్థానములో దీపములు, కడ్డీలు వచ్చినవి. మిన్నియాపోలిస్‌లోని గ్రిస్‌వోల్డ్ కంపెనీవారి సిగ్నలు మరొక వింత. రైలు వచ్చునపుడు “ఆగుము” అను పలక గిరుక్కున తిరిగి బండివానికి ఎదురుగా నిలుచును.

వెదకుటకు ఒక పద్ధతి ఉన్నది. అమెరికాలో ప్రతి గేటుకును 6 అంకెలు, ఒక అక్షరము గల సంఖ్య ఇచ్చినారు. అక్కడి ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్‌వారి జాబితాలో ఏ గేటు వద్ద ఏ సిగ్నలున్నదో వ్రాసి ఉండును. విగ్‌వాగులకు వేరుగా ఒక గడియే కలదు. ఆ జాబితా చూచి, పటములో ఆ చోటు పట్టుకొని, ఫోటోలోనికి దిగవలెను. రికార్డులో ఉన్నది నేలమీద ఉండకపోవచ్చును. ఫైళ్లతో ప్రొద్దు గడిపే మాబోటి గుమాస్తాలకు ఇది వింత కాదు! ఫోటో తీసిన మాసము, సంవత్సరము అందులోనే కనబడును. 2014 నుండి పాత సంవత్సరముల ఫోటోలు కూడ చూచుటకు వీలైనది. పాత ఫోటోలో ఊగే పలక, కొత్త ఫోటోలో జంటదీపములు కనబడినచో, ఆ నడుమ ఎప్పుడో దానిని పీకివేసినారని తెలియును.

ఇట్లు తిరుగుచు ఒకనాడు మేము ఢిల్లీ చేరితిమి. మన ఢిల్లీ కాదు; కొలరాడో రాష్ట్రములో లా జుంటా, ట్రినిడాడ్ ఊళ్ల నడుమ ఎడారివంటి బయలులోని చిన్న పల్లె. ఈ శతాబ్దిలో కూడ చాలకాలము అక్కడ ఒక విగ్‌వాగు నిలిచి ఉండెను. చుట్టును గడ్డి, ఆకాశము. ఆ ఒంటి కావలివాని పేరు వెతుకువారందరికిని తెలియును.

అయితే ఈ వేడుకలో ఒక వెలితి ఉన్నది. ఫోటోలో పలక సాధారణముగా నిటారుగా నిలిచియే ఉండును, గంట వినబడదు. రైలు వచ్చు క్షణముననే కెమేరా కారు గేటు వద్ద ఆగి ఉండవలెనన్నచో అదృష్టము కావలెను గదా!

ఇదంతయు ఉబుసుపోక అని మేమును మొదట అనుకొన్నాము. కాని ఆ బొమ్మలు చూచుచుండగా మన గేట్లు జ్ఞాపకము వచ్చినవి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద, కాపలా లేని గేటు దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనగా పసిపిల్లలనేకులు ప్రాణములు విడిచిరి. బ్రాడ్‌గేజి మార్గములలో అట్టి కాపలాలేని గేట్లన్నిటిని 2019 జనవరి నాటికి తీసివేసినారు. అయినను 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు సమీపమున సెమ్మంకుప్పము వద్ద, గేటుమాను ఉన్న గేటులోనే, బడివ్యాను రైలు క్రింద పడి ముగ్గురు విద్యార్థులు పోయిరి. ఆ గేటుకు సిగ్నలుతో ఇంటర్‌లాకింగు లేదు. గేటు మూయకున్నను సిగ్నలు పచ్చగా ఉండగలదన్నమాట.

కనుక పాతదానిని తీసి మెరుగైనది పెట్టినవారిని మేము తప్పుపట్టము. పాత సిగ్నలు అందము కంటె ఒక బిడ్డ ప్రాణము విలువైనది. కాని ఆ ఊగే దీపము కూడ తన కాలములో ఎవరి బిడ్డనో కాపాడుటకే పుట్టినది. తీసివేయుటకు ముందు దానిని ఒకసారి కన్నులార చూచి గుర్తు పెట్టుకొనుట కృతజ్ఞత.

మన ప్రాంతములలో కూడ వంతెనలు వచ్చి గేట్లు మాయమగుచున్నవి. పాఠకులు తమ ఊరి గేటు ఫోటో ఒకటి తీసి, దాని నంబరు, తేదీ వెనుక వ్రాసి దాచుదురు గాక. అక్కడ ఏండ్ల తరబడి పచ్చజెండా పట్టిన గేటుమాను మాటలు నాలుగు అడిగి వ్రాసికొన్నచో మరియు మేలు. మేము మాత్రము ఈమధ్య గేటు పడినపుడు గడియారము చూచుట మానుకొన్నాము. వేళకు దించిన ఆ కడ్డీని చూచి, మనసులో ఒక నమస్కారము పెట్టి, సైకిలు దిగి నిలుచుచున్నాము.