కొరకనివ్వండి... కానీ ఏమిటో చూసి!

మెట్ట ప్రాంతంలో డ్రిప్ వేసిన రైతును అడిగితే పైపుల శత్రువులెవరో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు: ఎలుకలు, ఉడతలు, అడవి పందులు. ఇంటి కుక్క పేరు మాత్రం ఎత్తడు. కామవరపుకోట చుట్టూ ఉన్న పామాయిల్, కోకో తోటల్లో లేటరల్ పైపు తెగిన చోట కూర్చుని గాటు చూడండి. ఎలుక కొరికితే గాట్లు సన్నగా, దగ్గర దగ్గరగా పడతాయి. పైపు నలిగి, చదునై, రెండు పక్కలా గుంటలు పడి ఉంటే అది కాపలా కుక్క పనే. గొలుసు అందినంత దూరంలోనే తెగిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

పామాయిల్ తోటలో పది పదిహేను రోజులకోసారి గెలలు కోసేటప్పుడు తప్ప మనుషుల అలికిడి తక్కువ. కుక్కకు డ్యూటీ రాత్రి. పగలు పన్నెండు గంటలు షెడ్డు నీడలో గొలుసుకి కట్టేసి ఉంటుంది. కొల్లేరు దిగువన చేపల చెరువు గట్ల మీద కుక్కలదీ అదే జీవితం. ఏలూరులో అపార్ట్‌మెంట్ హాల్లో ల్యాబ్రడార్‌ను పెట్టి తలుపేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయే వాళ్ల ఇంట్లోనూ అంతే, కాకపోతే అక్కడ పైపుకు బదులు సోఫా. ముక్కుతో వెతికి, పంటితో చీల్చి తిండి సంపాదించుకోవడానికి పుట్టిన జంతువుకు గిన్నెలో అన్నం పడేస్తే రెండు నిమిషాల్లో భోజనం అయిపోతుంది. మిగతా పగలంతా ఏం చేయమంటారు?

పిల్లగా ఉన్నప్పుడు ఇంకో అవసరం కూడా ఉంది. కుక్కపిల్లకు 28 పాలపళ్లు. మూడు నాలుగు నెలలప్పుడు అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్లు దురదపెట్టి దొరికిందల్లా కొరుకుతుంది. చెప్పు కొరికిందని కొట్టే దెబ్బల్లో ఎక్కువ ఈ వయసులోనే పడతాయి. కొట్టినందువల్ల దురద పోదు కదా, అది చాటుగా కొరకడం నేర్చుకుంటుందంతే.

మనూళ్లలో దీనికి పాత జవాబు దుమ్ములు. చికెన్ కూరలో మిగిలిన ఎముకలు పళ్లెం అంచు నుంచి నేరుగా కుక్క ముందుకి వెళ్లిపోతాయి. ఉడికిన ఎముక పెళుసెక్కి, విరిగితే సూదిమొనలా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. గేదె కొమ్ము, గిట్ట ఇస్తే ఇంకో ప్రమాదం. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను ఉంటుంది చూడండి, మరీ గట్టి వస్తువును పట్టి నొక్కితే దాని పక్క భాగం పెచ్చులా ఊడిపోతుంది. తర్వాత చీము పట్టి కంటి కింద వాచేదాకా మనం గమనించం. పాత టైరు ముక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో ఉక్కు తీగలుంటాయి, నైలాన్ దారాలుంటాయి.

వీటికి బదులుగా కుక్కకు ఇవ్వదగ్గది నమిలే రబ్బరు బొమ్మ. అది పుట్టిందీ ఇలాంటి చిక్కులోంచే. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. పోలీసు డ్యూటీ నుంచి రిటైరైన కుక్క. పని పోయింది, పళ్లు ఊరుకోవు. రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటోంది. ఒకరోజు ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను రిపేరు చేస్తుండగా విప్పి పడేసిన సస్పెన్షన్ రబ్బరు ముక్కను ఫ్రిట్జ్ పట్టుకుని ఇక వదల్లేదు. మూడు మెట్ల బుడ్డిలా ఉన్న ఆ ఆకారాన్ని చూసి, కింగ్ కాంగ్ చెవిలో పెట్టుకునే బిరడాలా ఉందే అని ఒక మిత్రుడు నవ్వాడట. అలా 1976లో కాంగ్ కంపెనీ వచ్చింది. మధ్యలో బోలుగా ఉండి లోపల తిండి కూరుకునే బొమ్మలకు ప్రపంచమంతా ఇప్పటికీ అదే మూసగా నిలిచింది. మన ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పాత బుష్‌లు ఉంటాయి కదా, అవే ఇద్దాం అనుకోకండి. గ్రీజు, డీజిలు తాగిన రబ్బరు అది.

రబ్బరే ఎందుకంటే, సహజ రబ్బరుకు ఒక చిత్రమైన గుణం ఉంది. సాగదీసినప్పుడు దానిలోని పొడవాటి అణువుల గొలుసులు ఒకే వరసలోకి వచ్చి, ఆ చోట స్ఫటికంలా గట్టిపడతాయి. పన్ను దిగి చీల్చబోయిన చోటే రబ్బరు బలం పుంజుకుంటుంది. ప్లాస్టిక్‌కి ఈ విద్య లేదు, ఒకసారి గాటు పడితే అక్కడి నుంచి చిరుగుతూ పోతుంది. గంధకంతో కాచి రబ్బరును ఇలా నిలకడగా ఉంచే పద్ధతిని చార్లెస్ గుడ్ఇయర్ 1839లో కనుక్కున్నాడు. అయితే ఈ రబ్బరుకు ఎండ, నూనె పడవు. ఎండలో పడి ఉంటే పైన పగుళ్లు తేలతాయి, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మన మెట్ట ఎండల్లో బొమ్మను కళ్లంలో వదిలేస్తే కుక్క కంటే ముందు సూర్యుడే దాన్ని తినేస్తాడు.

షాపులో బొమ్మ చేతికి తీసుకోగానే బొటనవేలి గోరు గుచ్చి చూడండి. కొద్దిగా దిగి, గోరు తీయగానే మళ్లీ మామూలైతే మంచిది. గోరు అసలు దిగకపోతే పళ్లకు ప్రమాదం. గోటితోనే ముక్క లేచిపోతే పది నిమిషాలు కూడా ఆగదు. ఘాటుగా రసాయనం వాసన కొట్టేవి, పీకగానే ఊడే కళ్లూ ముక్కూ అతికించినవి, కీచుమనే బుడగ లోపల పెట్టినవి నమిలే కుక్కకు పనికిరావు. రెండో సంగతి రంధ్రాలు, దీన్ని చాలామంది చూడరు. బొమ్మకు రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒకటే ఉంటే నాలుక లోపలికి పోయినప్పుడు గాలి పీల్చుకుపోయి ఇరుక్కుంటుంది. నాలుక ఉబ్బి, రక్తం ఆడక చచ్చుబడిన కేసులు విదేశాల్లో జరిగాయి.

సైజు విషయంలో లోభం కూడదు. బొమ్మ మొత్తం కుక్క నోట్లో దూరి వెనక పళ్ల దాకా పోకూడదు. కాంగ్ కంపెనీ లెక్కలో 7 నుంచి 16 కిలోల కుక్కకు మీడియం, 13 నుంచి 30 కిలోలకు లార్జ్. మన ఊరకుక్క ఆ రెండింటి నడుమ తూగుతుంది, అలాంటప్పుడు పెద్దదే తీసుకోండి. ఆ కంపెనీ రంగుల్లో ఎరుపు మామూలు కుక్కలకు, నలుపు గట్టిగా నమిలే వాటికి, లేత గులాబీ, లేత నీలం పిల్లలకు. పిల్లకు నల్లది కొనొద్దు, పాలపళ్లకు అది రాయితో సమానం. ధర వెయ్యికి అటూ ఇటూగా ఉంటుంది. కుక్కకు అంత పెట్టాలా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. తెగిన లేటరల్స్, కొత్త చెప్పులు, మోటారు వైరు ఖరీదు కలిపి చెప్పండి.

ఇక కూరడం. అసలు కళ ఇక్కడే ఉంది, ఖర్చు మాత్రం ఏమీ లేదు, కావలసినవన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి. బొమ్మను గ్లాసులో వెడల్పు రంధ్రం పైకి వచ్చేలా నిలబెట్టండి. అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని మెత్తని అరటిపండు ముక్కతో మూయండి. దాని మీద కుక్కకు ప్రాణమైనది ఒకటి వేయండి, ఉడికించిన కోడి మాంసమో గుడ్డు ముక్కో. చివరిదాకా పోరాడితేనే దక్కే బహుమతి అది. నడుమ భాగంలో ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నం మెత్తగా పిసికి, స్పూను వెనకతో నొక్కుతూ కూరండి. గాలి బుడగలు ఉండకూడదు, ఉంటే ఒక్క నాకుడికి ముద్దంతా ఊడి వస్తుంది. పెరుగన్నం బదులు ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, చిక్కగా కాచి చల్లార్చిన రాగి జావ ఏదైనా పనికొస్తుంది. మూతి దగ్గర వేయించి దంచిన వేరుశనగ ముద్ద పూయండి, వాసనకు అది పని మొదలుపెడుతుంది. ఇలాగే గ్లాసుతో సహా డీప్ ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో కుక్కకు అంతకు మించిన విందు ఉండదు.

కొల్లేరు వైపు వాళ్లకు చేప చవక. కానీ శీలావతి, బొచ్చెల కండలో సన్నటి ముళ్లు దాగి ఉంటాయి. కొర్రమీను మేలే గానీ కుక్కకు పెట్టేంత ధరలో దొరకదు. ఆ చెరువుల్లోనే పెరిగే ఫంగస్ చేప కండలో అలాంటి ముళ్లుండవు. ఆవిరి మీద ఉడికించి, నడిముల్లు తీసేసి చిదిమి కూరితే చాలు.

మొదటి రోజే గడ్డకట్టించి ఇవ్వడం అందరూ చేసే తప్పు. కుక్క రెండుసార్లు నాకి, లాభం లేదనుకుని పోయి పడుకుంటుంది. ‘మా వాడికి నచ్చలేదండీ’ అంటారు వీళ్లు. మొదట కదిపితేనే రాలిపోయేలా పొడి ముక్కలు వేసి ఇవ్వండి. గెలుపు రుచి తెలిశాక వదులుగా కూరింది, తర్వాత బిగించింది, ఆపైన గడ్డకట్టింది. కష్టపడి తినడం జంతువుకు ఇష్టమేనా అంటే, 1963లో గ్లెన్ జెన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలతో పరీక్ష పెట్టాడు. పక్కనే గిన్నెలో తిండి ఊరికే దొరుకుతున్నా, మీట నొక్కి సంపాదించుకోవడానికే చాలా ఎలుకలు మొగ్గు చూపాయి. తర్వాత ఎన్నో జంతువుల్లో ఇదే కనబడింది. పిల్లి మాత్రం ఊరికే పెట్టిందే తింటానంది, ఆ సంగతి పిల్లిని పెంచేవాళ్లకు పరీక్ష లేకుండానే తెలుసు.

బొమ్మలో కూరింది గిన్నెలో తగ్గించాలి. లేకపోతే ఆరు నెలల్లో కుక్క పీపా అవుతుంది.

ఏం కూరకూడదో చెప్పాలంటే మన ప్రాంతం పేర్లే చెప్పాలి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి ప్రసిద్ధి. ఆ ఉల్లిపాయే కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. శరీర బరువులో 0.5 శాతం మించితే విషమే, అంటే 10 కిలోల కుక్కకు ఒక మోస్తరు పాయ. ఉడికినా వేగినా విషం పోదు. వెల్లుల్లిదీ అదే దారి. కాబట్టి నిన్నటి కూర అన్నం, పలావు బొమ్మలోకి వెళ్లకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందుకు కారణం టార్టారిక్ ఆమ్లమేనన్న అనుమానం పశువైద్యుల్లో ఇటీవల బలపడింది. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది, అందుకని పులిహోర కూడా మనకే. సీసాల్లో వచ్చే పీనట్ బటర్ కొంటే వెనక చీటీ చదవండి. జైలిటాల్ అని ఉంటే అది కుక్క రక్తంలో చక్కెరను అమాంతం పడగొడుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన కళ్ల ముందే ఆరుతోంది. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, అందులో సింహభాగం ఈ గోదావరి మెట్టదే. కామవరపుకోట మండలంలోని తడికలపూడిలో పులియబెట్టి ఆరబెట్టిన గింజలు హైదరాబాద్‌లో 2023లో తెరుచుకున్న ‘మనం చాక్లెట్ కార్ఖానా’ దాకా వెళ్తున్నాయి. మనిషికి అంత ప్రియమైన ఆ గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంది. మన ఒంట్లో అది కొన్ని గంటల్లో సగానికి తగ్గితే, కుక్క ఒంట్లో సగం కావడానికే 17 గంటలు పైన పడుతుంది. చాక్లెట్ బిళ్ల కంటే ఎండు గింజలో అది ఎన్నో రెట్లు ఎక్కువ. 10 కిలోల కుక్కకు 20 గ్రాముల గింజలు చాలు, వాంతులు, ఆయాసం, గుండెదడ మొదలవుతాయి. ఇంకా తింటే ఫిట్స్, ప్రాణాపాయం. గింజల చుట్టూ ఉండే తీయని తెల్లగుజ్జు కోసం కుక్క కాయను కొరుకుతుంది, పులిసిన వాసనకు గోనెసంచుల దగ్గరకు పోతుంది. పని లేని కుక్కను కోకో ఆరబెట్టిన కళ్లం పక్కన కట్టేయడం అంటే విషం గిన్నె ముందు పెట్టడమే. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోవద్దు, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దూరమైతే సంచార పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.

బొమ్మ ఇచ్చాక మొదట్లో కాసేపు దగ్గరే ఉండండి. తినేటప్పుడు లాక్కోవద్దు, ఇంకేదైనా చూపించి మార్పిడి చేయండి. లాక్కుంటే కరిచేది మన పిల్లల్నే. రెండు కుక్కలుంటే రెండు బొమ్మలు, వేరు వేరు మూలలు. ముక్క లేచిన బొమ్మను ఇంకా బాగానే ఉందని దాచొద్దు. మింగిన రబ్బరు పేగుకు అడ్డం పడితే ఎక్స్‌రేలో కూడా అన్నిసార్లూ స్పష్టంగా కనబడదు. అయిపోగానే వేడినీళ్లలో నానేసి పాలసీసా బ్రష్‌తో లోపల రుద్దండి, లేకపోతే సాయంత్రానికి పుల్లటి వాసన, చీమల బారు. చీమలు మరీ ఎక్కువుంటే నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి, దాని మీద బొమ్మ ఉంచి ఆరబెట్టండి.

బొమ్మ ఇచ్చాం కదా అని గొలుసు విప్పకుండా ఉండొద్దండీ. పొద్దున, సాయంత్రం తోటంతా ఒక చుట్టు తిప్పండి, ఆ నడుమ మధ్యాహ్నానికే ఈ పని. ఈ ఆదివారం ఒకటి కూరి ఇచ్చి గడియారం చూడండి. పావుగంటలో ఖాళీ చేసిందా, వచ్చేసారి ఇంకాస్త బిగించి కూరండి. సగంలో వదిలేసి వెళ్లిపోయిందా, వదులు చేయండి.